బేపూలో బోర్లించిన సీసాలు

సాయంత్రం పూట అమలాపురం గడియార స్తంభం సెంటర్లో బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఎవరికైనా హక్కా అన్న మాట తెలుసు. క్యాబేజీ తురుము, సోయా సాసు, మూకుడు అంచు దాటే మంట. ఆ పేరు కలకత్తా టాంగ్రాలో తోళ్ల పని చేసుకుని బతికిన చైనా వాళ్ల దగ్గర్నుంచి మన బండి దాకా వచ్చిందని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. "హక్కా అంటే నూడుల్స్ కాదమ్మా, మనుషులు. ఈ తైవాన్‌లో ఐదుగురిలో ఒకరు వాళ్లే" అంది.

అది షిన్‌చూలో చదువుతోంది. దాని దగ్గర మూడు వారాలున్నాను. తైపీ, ఆకాశాన్నంటే ఆ 101 భవనం, గుళ్లు, సముద్రం అన్నీ చూశాను, ఫోన్లో ఫొటోలున్నాయి. రాయాలనిపించింది మాత్రం బేపూ అనే హక్కాల కొండ ఊళ్లో గడిపిన ఒక్క మధ్యాహ్నం గురించే.

షిన్‌చూ నుంచి రైల్లో జూడోంగ్ వెళ్లి అక్కడ బస్సు పట్టుకున్నాం. రైల్లో స్టేషన్ పేరు నాలుగు భాషల్లో చెబుతారు: మాండరిన్, తైవానీస్, హక్కా, ఇంగ్లీషు. 1988 డిసెంబరులో "మా అమ్మభాష మాకివ్వండి" అంటూ హక్కాలు తైపీ వీధుల్లో ఊరేగింపు తీశారట. అంతకుముందు బళ్లో సొంత భాష మాట్లాడితే పిల్లలకి శిక్ష వేసేవారట. ఆ సంగతి విన్నాక ఆ మూడో గొంతు కోసం ప్రతి స్టేషన్‌లోనూ చెవి ఒగ్గాను.

జూడోంగ్‌లో ఒక బస్సు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతది యాభై నిమిషాలకి. అక్టోబరు చివర, ఆ ఊళ్ల గాలి ఆగదు. షిన్‌చూని గాలుల ఊరనే అంటారు. చీర కొంగు నిలవక స్వెట్టర్ లోపలికి దోపుకుని, ఆకలితో నిలబడ్డాం. బేపూలో దిగేసరికి ఒంటిగంటన్నర. మొదట వెళ్లిన హోటల్లో బల్లలన్నీ ఖాళీగా ఉన్నా, వంటిల్లు కట్టేశాం అని చేయి ఊపేశారు. అక్కడ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చాలా హోటళ్లు పొయ్యి ఆర్పేస్తాయి. ఆ నియమం నాకు తెలుసు, కానీ రెండు కాలేదు కదా! మన దగ్గర వేళ దాటి వచ్చినవాళ్లకి ఇంత పెరుగన్నమైనా పెట్టి పంపుతాం. నాకు నిజంగానే కోపం వచ్చింది.

గుడి పక్క సందులో రెండో హోటల్ దొరికింది. ఆరు బల్లలు, ఎర్ర ఇటుక గోడ. నడివయసు ఆవిడ మమ్మల్ని చూసి ముందు టీ పోసి, ఆ తర్వాతే మెనూ అట్ట చేతికిచ్చింది. ఆ టీతోనే నా కోపం సగం దిగింది.

అట్ట మీద హక్కా నూడుల్స్ లేవు. ఉన్నది 'బాన్‌త్యావ్', అంటే బియ్యం రుబ్బి, పిండిని పల్చటి రేకుగా ఆవిరి మీద ఉడికించి, వేలెడు వెడల్పున కోసిన పట్టీలు. హక్కా వేపుడు అని ఇంకోటుంది. దేవుడికి నైవేద్యం పెట్టిన పంది మాంసం, ఎండు స్క్విడ్, పూజయ్యాక పారేయకుండా ఉల్లికాడలు వేసి వేయించుకునేవారట. అది మా అమ్మాయి తెప్పించుకుంది. పంది నాకు అలవాటు లేదని చెబితే హోటల్ ఆవిడ ఉడికించిన కోడి, ఫూచాయ్ అనే ఊరిన ఆకు వేసిన కాకరకాయ తెచ్చింది. కోడికి ఉప్పు తప్ప ఏమీ లేదు, పక్కన గిన్నెలో నారింజ రంగు గుజ్జు. అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. పులుపు, వెనకే సన్నటి చేదు. మా పెరటి దబ్బకాయ రుచి. అక్కడి ఒక రకం పుల్ల నారింజతో చేస్తారట. కోడి ధర మాత్రం 380 తైవాన్ డాలర్లు, మన లెక్కలో వెయ్యి రూపాయల పైమాటే. నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టి ఉండాల్సింది.

ఇక కాకరకాయ. లేత పసుపు పులుసులో కాకర చక్రాలు, వాటి మధ్య ముదురు గోధుమ రంగు ఆకు పీలికలు. పీలిక కొరికితే పులుపు, ఉప్పు, ఆ తర్వాత ముక్కు దూలం దగ్గర చిన్న ఘాటు. ఆ ఘాటు నాకు తెలుసు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టినప్పుడు వచ్చేదే అది. "ఇది ఆవ ఆకు, అడుగు" అన్నాను. అమ్మాయి ఫోన్లో బొమ్మ చూపించి అడిగితే ఆవిడ తలూపి, లోపలికి కేక వేసింది.

లోపల్నుంచి ఆవిడ అత్తగారొచ్చారు. ఎనభై దాటి ఉంటాయి, నడుం వంగింది, చేతులు మాత్రం గట్టివి. అమ్మాయి ఆవిణ్ని "ఆ ఫో" అని పిలిచింది, హక్కాలో బామ్మ అని. ఆవిడ నా వైపు చూసి "షిత్ పావ్ మాంగ్?" అన్నారు. భోంచేశారా అని. వాళ్ల పలకరింపు అదే. అర్థం చెప్పాక, చెప్పకముందే నేనెందుకు తలూపానో నాకే తెలియలేదు.

నా చేయి పట్టుకుని వంటింటి వెనక వసారాలోకి తీసుకెళ్లారు. గోడ వార ముప్పై నలభై గాజు సీసాలు, బియ్యపు సారా పోసుకున్న పాత సీసాలు, అన్నీ తలకిందులుగా. ఒకటి తీసి మూత ఊడదీశారు. మెడ దాకా ఆకు కూరి ఉంది, కుదిపినా కదలదు. ఇనప తీగ చివర కొక్కెంలా వంచి, సీసా తొడల మధ్య బిగించుకుని, లోపలికి దించి, మెలితిప్పి లాగారు. ఒక్కొక్క పీలిక తాడులా బయటికొచ్చింది. వసారా అంతా పుల్లటి వాసన.

వరి కోత అయ్యాక ఖాళీ పొలంలో ఆవ వేస్తారు. చలికాలంలో కోసి, తొట్టెలో వరసలుగా పేర్చి ఉప్పు చల్లి కాళ్లతో తొక్కుతారు. కొన్ని వారాలకి పులుస్తుంది. అది మొదటి రూపం. అందులోంచి కొంత తీసి ఎండలో సగం ఆరబెట్టి, పుల్లతో సీసాల్లోకి దట్టించి, మిగిలిన నీరు ఊడ్చుకుపోయేలా బోర్లిస్తారు. ఇది ఫూచాయ్. 'ఫూ' అంటే బోర్లించడం. అదే ఉచ్చారణతో అదృష్టం అనే అక్షరం కూడా ఉంది కనక ఇప్పుడు అలాగే రాస్తున్నారు. ఇంకొంత పూర్తిగా నల్లగా ఎండబెట్టి ముడులు వేసి దాస్తారు. అది ఏళ్ల తరబడి ఉంటుంది. పంట ఒకటే, ఆకు ఒకటే, ఎండ ఎన్నాళ్లు తగిలిందన్నదే తేడా.

నేను ఆ సీసాల ముందు అలా నిలబడిపోయాను. ఒకే చెట్టు కాయని మా అమ్మ ఆవకాయ చేసేది, మాగాయ చేసేది, మిగిలింది ఒరుగులు చేసేది. మాగాయ ముక్కల్ని ఉప్పులో మూడు రోజులు ఊరవేసి, పిండి, చాప మీద ఎండబెట్టి, మళ్లీ ఆ ఊటలోనే వేసేది. నాన్నకి బదిలీ అయిన ప్రతిసారీ సామాను లారీలో వెళ్లేది, జాడీ మాత్రం వాసెన గట్టి బస్సులో ఒళ్లో పెట్టుకునేది. కొత్త ఊళ్లో పాలవాడు కుదిరేదాకా, కూరల బజారు తెలిసేదాకా మా అందరికీ ఆ జాడీయే వంటిల్లు. ఆవలో గింజ మనం పట్టుకున్నాం, వీళ్లు ఆకు పట్టుకున్నారు.

హక్కా అంటే అతిథి కుటుంబాలని అర్థం. ఎక్కడికెళ్లినా తర్వాత వచ్చినవాళ్లే. బేపూకీ అలాగే, 1830లలో చైనాలోని ఫూజ్యెన్ నుంచి వచ్చినవాళ్లతో కలిసి పొత్తు కంపెనీ పెట్టుకుని కొండల్లోకి వచ్చారు. ఆ కంపెనీ ఇల్లు 'జిన్‌గువాంగ్‌ఫు' ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. అది అంతకుముందు సైసియాత్ ఆదివాసుల నేల. ఆ తగాదాల్లో రెండు పక్కలా ప్రాణాలు పోయాయి. ఉప్పన, జిడ్డు, కమ్మన అని తమ వంటని మూడు మాటల్లో చెప్పుకుంటారు. కొండ మీద చెమటోడ్చేవాళ్లకి ఉప్పు కావాలి, నూనె కావాలి, కాస్త కూరతో బోలెడన్నం దిగాలి.

తిన్నాక వీధి చివర లేచా, అంటే నూరి చేసే టీ, తాగాం. తాగడం కంటే నూరడమే ఎక్కువ. లోపల గాళ్లున్న మట్టి గిన్నె, మూరెడు జామకర్ర రోకలి. టీ ఆకు, నువ్వులు, వేరుశనగలు వేసి గుండ్రంగా నూరాలి. పావుగంటకి నూనె ఊరి, ముద్ద గిన్నెకి అంటుకుంది. మా అమ్మాయి చెయ్యి మార్చుకుంటుంటే రోకలి నేను లాక్కున్నాను. పొత్రం తిప్పిన చేతులివి. వేడి నీళ్లు పోసి, పేలాలు చల్లి ఇచ్చారు. ఇద్దరికీ 300 డాలర్లు. నూరింది మేమే అయినా ఆ డబ్బు ఇవ్వడానికి మనసు ఒప్పుకుంది. పక్క కొట్లో టీ ఆకు 75 గ్రాముల డబ్బా 900 చెప్పారు. పురుగు కొరికిన ఆకుతోనే ఆ టీకి తేనె వాసన వస్తుందట. వాసన చూసి అక్కడే పెట్టేశాను.

ఎండిన ఆకు ముడులు రెండు, వంద డాలర్లకి, ఆ ఫో దగ్గరే కొన్నాను. ఇంటికొచ్చాక నాలుగు నీళ్లు కడిగినా ఇసక రాలింది. నానబెట్టి, కందిపప్పులో వేసి, ఇంగువ పోపు పెట్టాను. మావారు రెండోసారి వడ్డించుకుని "ఈ చింతచిగురు ఎక్కడిది, ఈ రోజుల్లో?" అన్నారు.

కార్తీకంలో పెరట్లో అరటి మొక్కల పక్కన పిడికెడు ఆవాలు చల్లాను. మన ఆవ ఆకు వాళ్లదంత వెడల్పు రాదు. ఇప్పటికి జానెడు పెరిగింది. రెండు సీసాలు కడిగి, వసారాలో బోర్లించి ఉంచాను.