నాది కాని బండికి నా పేరున చలానా

వెయ్యి రూపాయల చలానాకి లాయరు దాకా ఎందుకని మా ఇంట్లో అందరూ అన్నారు. అయినా వెళ్లాను, వెళ్లి మంచి పనే చేశాను. ఇదే ఇబ్బందిలో ఉన్న ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. పాలకొండ రోడ్డులో చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. హెల్మెట్ లేదని నా బండికి చలానా పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చలానాల పేరుతో మోసాలు జరుగుతున్నాయి కాబట్టి అందులో ఉన్న లింకు నొక్కలేదు. ఈ-చలాన్ పరివాహన్ సైట్‌లోకి నేనే వెళ్లి బండి నంబరు కొట్టి చూశాను. చలానా నిజమే. కానీ ఫొటోలో ఉన్నది నల్ల మోటారు సైకిలు, దాని మీద ఎవరో కుర్రాడు. నాది బూడిద రంగు స్కూటీ. పైగా అది పొరుగు జిల్లాలో తీసిన ఫొటో. పెళ్లిళ్ల సీజను, ఆ రోజంతా నేను మెషీన్ ముందే ఉన్నాను.

"కట్టేసి వదిలేయ్, షాపు మూసుకుని తిరిగితే అంతకంటే ఎక్కువ పోతుంది" అన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్‌లో హెల్మెట్ లేకపోతే జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత అని కూడా ఉంది. చేయని తప్పుకి అదంతా నెత్తిన ఎందుకు వేసుకోవాలి? సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

మా షాపుకి వచ్చే ఒకమ్మాయి పారా లీగల్ వాలంటీరు, అంటే న్యాయ సహాయం కావాల్సినవాళ్లకి దారి చూపించే కార్యకర్త. "అక్కా, కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది కదా, అక్కడికెళ్లు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు" అంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ అదే చెబుతుందట. ముందు ఫోన్‌లో కనుక్కోవాలంటే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 ఉంది. తెల్ల కాగితం మీద అర్జీ రాసి, ఆధార్, ఆర్సీ జిరాక్సులు జతచేసి ఇచ్చాను. ఒక లాయరమ్మని కేటాయించారు.

ఆవిడ అడిగిన మొదటి మాట, "డబ్బులు కట్టీసినావేటమ్మా?" లేదన్నాను. "మంచి పని చేసినావు. కడితే తప్పు ఒప్పుకున్నట్టే" అన్నారు. తర్వాత నా ఫోన్ తీసుకుని ఆ ఫొటోని పెద్దది చేశారు. ప్లేటు మీద ఒక అంకె దగ్గర సరిగ్గా బోల్టు ఉంది, చుట్టూ బురద. నా నంబరులో అక్కడ 8 ఉంటుంది. వేలితో ఆ వంపు చూపించి, "ఇది మూడు. బోల్టు వల్ల ఎనిమిదిలా కనిపిస్తోంది" అన్నారు. నేను ఆ ఫొటోని ఎన్నోసార్లు చూశాను గానీ, బండినీ మనిషినీ చూశానే తప్ప అంకెల్ని అలా పట్టి చూడలేదు.

"అయినా ఎవడో మన నంబరు పెట్టుకుని తిరుగుతున్నాడేమో అన్నది కూడా చూసుకోవాలి. రేపు వాడు ఎవర్నయినా గుద్దేస్తే పోలీసులు ముందు నీ ఇంటికే వస్తారు" అన్నారు. నిజానికి నాకు టెన్షన్ పట్టుకున్నది ఈ మాటతోనే. వెయ్యి రూపాయల సంగతి ఆ తర్వాత నా బుర్రలో లేదు.

అందుకని రెండు కాగితాలు తయారుచేశారు. ఒకటి చలానా వేసినవాళ్లకి, రసీదు వచ్చేలా రిజిస్టర్ పోస్టులో. రెండోది మా స్టేషన్‌కి, నా నంబరు దుర్వినియోగం అవుతోందేమో చూడమని. దానికి రసీదు అడిగి తీసుకోమని గట్టిగా చెప్పారు. రెండింటికీ ఆర్సీ కాపీ, స్కూటీకి నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, ఛాసిస్ నంబరు ఫొటో జతచేశాం. ఆర్సీలో బండి రకం, మోడల్, రంగు అన్నీ ఉంటాయి కాబట్టి అదే మన పెద్ద సాక్ష్యం. కెమెరా చలానాకి తప్పూ, నంబరు ప్లేటూ స్పష్టంగా కనబడే ఫొటో ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ చెబుతుంది. దాన్ని కూడా లెటర్‌లో రాశారు. రద్దు చేయకపోతే కోర్టులో తానే నిలబడతానన్నారు.

అంత దూరం పోలేదు. నంబరు తప్పుగా చదివారని తేలి, చలానా రద్దయింది. నాకైన ఖర్చల్లా జిరాక్సులూ, పోస్టూ. సైట్‌లో బకాయి లేదని చూపించే పేజీని ప్రింటు తీయించి, స్టేషన్ రసీదుతో కలిపి దాచమన్నారు లాయరమ్మ. బండి అమ్మేటప్పుడు ఎవరైనా పాత చలానా మాట ఎత్తితే చూపించడానికట.