డప్పుకు స్టేజీ లైటింగ్: నల్లచారలు వదిలించుకున్న నా అనుభవం

హన్మకొండలో ఒక డప్పు బృందం పోస్టర్‌కు ఫొటో తీసిచ్చాను. నల్లటి వెనకతెర, పొగలో ఎర్రటి వెలుగు, గాల్లో ఆగిన సిర్ర (డప్పు కొట్టే కర్ర) కావాలన్నారు.

వెనకతెర సులువే. నల్లగుడ్డను డప్పుకు 8 అడుగుల వెనక కడితే వెలుగు దాని మీద పడదు. కెమెరా స్టాండు మీద, లెన్సు సందు ఎఫ్/8, వెలుగు సున్నితత్వం ఐఎస్ఓ 100, కెమెరా దిద్దని రా ఫైలు, ఫోకస్ చేత్తో డప్పు అంచు మీద.

పొగ ముందు, డప్పు కాచడం తర్వాత. ఈ వరుస మార్చొద్దు. పొగ మిషన్ తేమకు చర్మం వదులవుతుంది, పక్క వెలుగులో ప్రతి ముడతా బయటపడుతుంది. పొగ గదంతా పరుచుకున్నాక, బయట మంటకు కాచి బిగుతైన డప్పును లోపలికి తేవాలి. ఒంటికి జానెడు ఎడంగా పట్టుకుంటే వెనక లైటు చర్మంలోంచి పారి తోలుతాళ్ల నీడలు కనబడతాయి. పోస్టర్‌కు ప్రాణం అదే. డప్పును నేలమీద పడేసి పైనుంచి తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది భుజాన ఉండాల్సిన వాద్యం.

అసలు తిప్పలు ఎల్ఈడీ పార్ లైట్లతో, అంటే స్టేజీకి వాడే రంగుల డబ్బా లైట్లతో. సిర్ర ఆగాలని షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెడితే ఫొటో నిండా అడ్డంగా నల్లచారలు. కంటికి మాత్రం వెలుగు నిండుగా ఉంది. లైట్లు కిరాయికిచ్చినాయన బృందం ముందే "మీ కెమెరా ఖరాబైంది సార్, మా లైట్లు పెండ్లిళ్లకు గిట్లనే నడుస్తయ్" అన్నాడు. వాళ్లంతా నా దిక్కే చూశారు. కెమెరాకు ఏ రోగమూ లేదు. డిమ్మర్ తగ్గిస్తే ఈ లైట్లు నిజంగా మసకబారవు. సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతాయి. షట్టర్ తెర సెన్సర్ మీదుగా జారుతూ ఒక్కో వరుసకు ఒక్కో క్షణంలో వెలుగు తగలనిస్తుంది కాబట్టి, లైటు ఆరిన క్షణాలన్నీ చారలవుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఇంకా ఘోరం.

మందు ఇది. డిమ్మర్ ముట్టొద్దు. ఒక్కో లైటుకు ఒకే రంగు, పూర్తి వెలుగు మీద (లైటు మీద అంకె 255) పెట్టి, వెలుగు ఎక్కువైతే లైటునే వెనక్కి జరపాలి. రెట్టింపు దూరానికి దాదాపు నాలుగోవంతు వెలుగే మిగులుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక లైట్లలో సెకనుకు 100 సార్లు వచ్చే మినుకు కూడా ఉంటుంది. షట్టర్ 1/50కి దించితే అదీ పోతుంది.

మరి సిర్ర? దాన్ని ఆపే పని ఫ్లాష్‌ది. నల్ల అట్టతో గొట్టం చుట్టి పక్కనుంచి చేతి మీదికే కొట్టించాను. ఫ్లాష్‌ను షట్టర్ మూసే ముందు వెలిగేలా, రియర్ కర్టెన్‌లో పెడితే సిర్ర పదునుగా ఆగి, దాని వెనక ఎర్రటి జాడ మిగులుతుంది. వరంగల్లో ఇంత శుభ్రమైన డప్పు పోస్టర్ నేను చూడలేదు, ధైర్యంగా చెప్తున్నా.

ఎరుపు విషయంలో జాగ్రత్త. మామూలు హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) బాగున్నా ఎర్ర గీత ఒక్కటే కుడి అంచు దాటి, డప్పు చర్మం గరుకుదనం మాయమవుతుంది. మూడు రంగుల గీతలూ చూసి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి.

లైట్లు కిరాయికి తెచ్చేటప్పుడు షాపులోనే ఒక్కోటి వెలిగించి, ఫోన్ ప్రో మోడ్‌లో 1/1000 పెట్టి చూడండి. చారలుంటే స్క్రీన్ మీదే పాకుతాయి. అడ్వాన్సు ఆ తర్వాతే.