పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు

95 పర్సంటైల్ వస్తే నూటికి 95 మార్కులు వచ్చినట్టే అనుకునే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. ఈ మాటను విడమరిచి చెప్పేవాళ్లే తక్కువ. పర్సంటేజీ మీ పేపరు సంగతి చెబుతుంది, పర్సంటైల్ మిగతావాళ్ల మధ్య మీ చోటు చెబుతుంది.

పరీక్ష 2,000 మంది రాశారనుకోండి. మీతో సమానంగానో తక్కువగానో మార్కులొచ్చినవాళ్లు, మీతో కలిపి, 1,900 మంది. 1,900ని 2,000తో భాగించి 100తో గుణిస్తే 95. మీ మార్కులు 300కి 180, అంటే 60 శాతమే కావచ్చు. (సమానంగా వచ్చినవాళ్లను కొన్ని పరీక్షల్లో కలపరు, నిబంధన చూసుకోండి.)

మూడు సబ్జెక్టుల పర్సంటైళ్లు కూడి సగటు మాత్రం తీయకండి, ఆ అంకెకు అర్థం లేదు. మొత్తం మార్కుల మీద మళ్లీ లెక్కేయాలి. మామూలుగా మధ్యలో జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ రెండు మార్కులు పెరిగితేనే 50 పర్సంటైల్ కాస్తా 55 కావచ్చు. 95 నుంచి 99కి ఎక్కడానికి చాలా ఎక్కువ మార్కులు కావాలి.