ముందు కారణం, తర్వాతే ప్రశ్నలు

"ఎడమవైపు బ్రేక్ లైట్ వెలగడం లేదు, అందుకే ఆపాను." కిటికీ దగ్గరికొచ్చిన ఆఫీసర్ మొదటి మాటే ఇది. లైసెన్స్ అడిగింది ఆ తర్వాతే.

స్టీరింగ్ మీద బావ చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. పక్క సీట్లో నాకూ టెన్షనే.

ఇదివరకు ఇక్కడ కాలిఫోర్నియాలో పోలీసులు కారు ఆపితే "ఎందుకు ఆపానో తెలుసా?" అని అడగడం మామూలు. మనవాళ్లు కంగారులో "స్పీడ్ ఎక్కువైందా సార్?" అని లేని తప్పు కూడా నెత్తిన వేసుకునేవాళ్లు!

2024 జనవరి 1 నుంచి ఇక్కడ ఏబీ 2773 అనే రాష్ట్ర చట్టం అమల్లో ఉంది. తప్పు గురించి ప్రశ్నలు మొదలుపెట్టే ముందే కారణం చెప్పాలి. టికెట్ (చలానా) మీదో రిపోర్టులోనో రాయాలి కూడా. ప్రాణాలకో ఆస్తికో అప్పటికప్పుడు ముప్పుందని నమ్మితేనే మినహాయింపు.

బావకి ఇప్పుడు పోలీసుల కంటే అక్కతోనే భయం. ఆ లైట్ మార్పించమని తను ఎప్పటినుంచో చెప్తోంది మరి.