ఫ్లోరెన్సులో ఈస్టరు: రథం మీద బాణసంచా

ఠాకురాణీ అమ్మవారి యాత్ర చూసిన బరంపురం వాళ్లకి జనసందోహం కొత్త కాదు. అయినా ఇటలీలోని ఫ్లోరెన్సులో ఈస్టరు ఆదివారం ఉదయం 8 గంటలకల్లా కెథడ్రల్ (ఊళ్లోని ప్రధాన చర్చి) ముందుకి చేరండి. ఆలస్యమైతే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి.

తెల్లని ఎద్దులు లాక్కొచ్చిన ఎత్తైన రథాన్ని కెథడ్రల్‌కీ, బాప్తిస్మం ఇచ్చే మందిరమైన బాప్టిస్టరీకీ మధ్య నిలిపి, ఎద్దుల్ని విప్పేస్తారు. 11 గంటల వేళ, లోపలి పూజాపీఠం దగ్గర వెలిగించిన పావురం ఆకారపు తారాజువ్వ తీగ మీద దూసుకొచ్చి రథంలోని మందుగుండుని అంటిస్తుంది. ఆ పావురం సవ్యంగా వెనక్కి చేరితే పంట బాగా పండుతుందని వాళ్ల నమ్మకం. మన రైతులకి వేరే చెప్పక్కర్లేదు! మోత గట్టిగా ఉంటుంది, పిల్లల చెవుల్లో దూది పెట్టండి.

2027లో ఈస్టరు మార్చి 28న. ఆ తెల్లవారుజామునే అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు. చేతి గడియారం మార్చకపోతే మీ ఎనిమిది వాళ్లకి తొమ్మిది. వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందునుంచీ ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి.