ఎందాకా?

మా పెద్దదానికి పదకొండేళ్లు. డాలస్ దగ్గర మా ఇంటి వెనకే ఒక పార్కు, దాని చుట్టూ నడకబాట. ఊహ తెలిసినప్పటి నుంచీ దానికి నడకంటే అదే. బూట్లు బిగించడం, చేతివాచీలో మీట నొక్కడం, రెండు మైళ్లు తిరిగి బయల్దేరిన చోటికే రావడం. ఎదురొచ్చినవాళ్లు నవ్వి తలూపుతారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

కిందటి జూన్‌లో ధవళేశ్వరం దిగువన ఉన్న మా పుట్టింటికి వెళ్లాం. మొదటిరోజు పొద్దున్నే అది అలాగే బూట్లు బిగించింది. నేనూ చిన్నాడూ వెంట కదిలాం. గుమ్మం దిగి కాలువగట్టు ఎక్కేలోపే ముగ్గురు ఆపారు. పాలకేన్లు మోసుకెళ్తున్న ఆయన, వాకిట్లో ముగ్గేస్తున్న పక్కింటి అత్త, సైకిలు మీద కొబ్బరికాయలు కట్టుకున్న కుర్రాడు. అందరిదీ ఒకటే మాట, ‘ఎందాకా?’ లాకుల దగ్గర ఇంకొకాయన బండి ఆపేసి, ‘ఎక్కండమ్మా, దింపేస్తాను’ అన్నాడు. ఎక్కడ దింపాలో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. ‘వద్దండీ, ఊరికే నడుస్తున్నాం’ అంటే ఆయన మొహం నిండా జాలి. దూరదేశం నుంచి వచ్చిన పిల్లల్ని ఇలా నడిపిస్తున్నారేమిటా అని.

‘అమ్మా, మనం ఎక్కడికెళ్తే వీళ్లకెందుకు?’ అంది పెద్దది.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే దాని వయసులో నాకూ అదే మంట. ఇంటర్ చదివేటప్పుడు స్నేహితురాలితో రాజమండ్రి వెళ్లే బస్సెక్కితే, నేను దిగేలోపు కబురు ఇంటికి చేరేది. ఏ దుకాణం ముందు నిలబడ్డానో కూడా. ఈ ఊరు వదిలిపోవాలనుకోవడానికి చదువొక్కటే కారణం కాదు. అందుకని ‘పెద్దవాళ్లు, అభిమానంతో అడుగుతారు’ అని పైపైన ఏదో అన్నాను. అది నమ్మలేదు. నాకూ అంత నమ్మకంగా అనిపించలేదు.

సాయంత్రం నాన్న తీసుకెళ్లారు. మా ఊరి గట్టుకి అందమంతా ఆ చెట్లదే. రెండు వైపులా నిద్రగన్నేళ్లు, పైన కొమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరి పందిరేసినట్టుంటాయి. మధ్యలో రెండు రావిచెట్లు, ఒక ముసలి చింత. కాళ్ల కింద కిందటేటి కాయలు నల్లగా బంకగా బూట్లకి అంటుకుంటాయి. ఎవరు నాటారని చిన్నాడు అడిగితే ‘అశోకుడు దారికిరువైపులా చెట్లు నాటించెను’ అనేశాను. మన తరంలో ఆ వాక్యం రాయకుండా చరిత్ర పరీక్ష గట్టెక్కినవాళ్లు లేరు కదా. నాన్న రిటైరైన మాస్టారు, ఇలాంటి వేళాకోళం పడదు. ‘అశోకుడు కాదు, ముందు కాలువ సంగతి విను’ అని మొదలెట్టారు.

కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తిచేయడం, దాన్నుంచి కాలువలు చీలడం, తవ్విన మట్టే గట్టు కావడం, ఆ గట్టే ఊళ్లకి దారి కావడం. బస్సులు లేని రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, అన్నీ పడవల మీదే. ఈ లాకులు కూడా నీళ్లకే కాదు, పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగడానికి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడేసి పడవని లాగేవాళ్లు. ‘భుజం మీద గుడ్డ మడతేసుకుని, దాని మీద తాడు’ అని నాన్న తన కండువా తీసి చిన్నాడి భుజాన వేసి చూపించారు. వాడు వంగిపోయి, లేని పడవని ఓ ఇరవై గజాలు లాగాడు.

పెద్దది మాత్రం చెట్లకి వేసిన అంకెలు చదువుతోంది. మొదళ్లకి తెల్లరంగు పట్టీ, మీద నల్లంకెలు. 38, 39, 40, 41. తర్వాత 47. ‘మధ్యవి ఏవి తాతయ్యా?’ రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయన్నారు. ఆగి, అవతలివైపు ఖాళీ చూపించి ‘అక్కడివి 96 తుఫానులో పడ్డాయి. వాటికి అంకెలు కూడా లేవు’ అన్నారు. ఆ నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో నేను చాలాసార్లు విన్నదే. కానీ మా గట్టు మీద ఏ చెట్టు ఎటు పడిందో ఆయనకి ఇప్పటికీ గుర్తుందని మాత్రం నాకు తెలీదు. నూతి చపటా అంత మొద్దు ఒకటి ఇంకా ఉంది. దాని మీద కూర్చుని ఒకావిడ పూలు గుచ్చుతోంది.

చీకటి పడబోతుంటే చిన్నాడు కంగారుగా నా చెయ్యి లాగాడు. ‘అమ్మా, చెట్టు వాడిపోతోంది!’ అందిన కొమ్మ ఒకటి వంచి చూపించాను. జంటజంటగా ఉన్న ఆకులు దగ్గరికొచ్చి, దణ్ణం పెట్టినట్టు ముడుచుకుంటున్నాయి. పొద్దుగూకితే పడుకుంటాయని, మబ్బు పట్టినా అంతేనని, అందుకే నిద్రగన్నేరని చెప్పాను. వాడు ఆ కొమ్మని మెల్లిగా, చప్పుడు కాకుండా వదిలాడు.

ఈ లోపల నాన్నని ఎంతమంది ‘ఎందాకా మాస్టారూ?’ అన్నారో పెద్దది లెక్కపెట్టిందట. ఏడుగురు. ఇల్లు చేరాక, ‘తాతయ్య ఒక్కళ్లకి కూడా ఆన్సర్ చెప్పలేదమ్మా. ఇలా, అన్నారు. అంతే’ అంది. నిజమే. ‘ఇలా’ అంటూ గడ్డం కొంచెం ముందుకి చాపుతారాయన, ఆగకుండానే.

‘బయల్దేరేవాణ్ణి ఎక్కడికి అనకూడదురా, అపశకునం. అందుకే ఎందాకా అంటారు. అది ప్రశ్న కాదు, జవాబు అక్కర్లేదు’ అన్నారు నాన్న. ముప్ఫయ్యేళ్లు నేను జవాబులు చెప్పుకుంటూ, ఆపైన అబద్ధాలు చెప్పుకుంటూ తిరిగిన ఊళ్లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేం? అయినా ఆడపిల్ల ‘ఇలా’ అంటే అంత తేలిగ్గా ఊరుకునేవాళ్లు కాదులెండి అప్పట్లో. ఆ మాట నాన్నతో అనలేదు.

ఆదివారం ధవళేశ్వరం వెళ్లాం. కాటన్ మ్యూజియం ఆవరణలో చెట్ల కింద పాత యంత్రాలు చూసి, బ్యారేజీ మీదికి నడిచాం. గేట్లు 175 అన్నానని చిన్నాడు లెక్కపెట్టబోయి నలభై దగ్గర తప్పాడు. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో 21 అడుగులు దాటినప్పుడు మేం డాలస్‌లో ఫోను పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. అదే గోదావరి ఇప్పుడు ఇసకతిన్నెల మధ్య పాయలుగా పడుకుని ఉంది. చల్లగా ఉంది, నడక బాగుంది, మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. సగందూరం వెళ్లాక పెద్దది వెనక్కి తిరిగి, ‘ఇక్కడ ఎవరూ ఎందాకా అనట్లేదు’ అంది. ఫిర్యాదో సంతోషమో గొంతుని బట్టి తెలియలేదు.

మర్నాడు పొద్దున్న మళ్లీ బూట్లు. గట్టెక్కగానే మొన్నటి బండాయనే ఎదురయ్యాడు. వేగం తగ్గించి ‘ఎందాకా పాపా?’ అన్నాడు.

‘ఇలానండీ’ అంది, గడ్డం కాస్త ముందుకి చాపి. ఆదివారం తెలుగు బడిలో నాలుగేళ్లు వల్లెవేయించినా రాని ‘అండీ’ అది.

‘ఆయ్!’ అనేసి ఆయన బండి పోనిచ్చాడు.