అద్దె కారుకు ఎక్సెస్ ఇన్సూరెన్స్ విడిగా కొనేముందు మీ క్రెడిట్ కార్డు లిమిట్ చూసుకోండి

బెంగళూరులో సొంత కారు నడిపేవాళ్లకి ఎక్సెస్ అన్న మాట పెద్దగా పట్టదు. కారుకు ఏదైనా అయితే ఖర్చులో మొదట మనం భరించాల్సిన భాగం అది. మన పాలసీల్లో దాన్ని కంపల్సరీ డిడక్టబుల్ అంటారు. 1500 సీసీ లోపు కారైతే 1000 రూపాయలు, అంతకు మించితే 2000. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఎవరో వచ్చి బంపరు గుద్దినా, సర్వీస్ సెంటర్ బిల్లులో ఆ వెయ్యో రెండు వేలో, ప్లాస్టిక్ భాగాల తరుగు కింద ఇంకొంతో కట్టేసి బయటపడతాం. అదే ధీమాతో యూరప్‌లో అద్దె కారు బుక్ చేస్తాం. ‘ఇన్సూరెన్స్ కలిపే’ అని రాసి ఉంటే అక్కడితో చదవడం ఆపేస్తాం. ఆ కింద చిన్న అక్షరాల్లో ఎక్సెస్ 1000 యూరోలనో 2000 యూరోలనో ఉంటుంది. పెద్ద కారైతే ఇంకా ఎక్కువ. అంటే కారుకు ఏదైనా అయితే మొదటి లక్షో, రెండు లక్షలో మన జేబులోంచే.

నేను అకౌంట్స్ పని చేస్తాను కాబట్టి ఒప్పందాలు చివరిదాకా చదవడం అలవాటు. కిందటేడాది పోర్చుగల్ వెళ్లేముందు ఈ సంగతంతా కూర్చుని తవ్వాను. కారు లేకుండా మాకు కుదరదు. మా అత్తమ్మ బయట తినదు. రైస్ కుక్కర్, సోనా మసూరి సంచి, ఆవకాయ సీసా ఎక్కడికెళ్లినా వెంట ఉండాలి. వాటిని మోసుకుంటూ రైళ్లు మారలేం.

అద్దె ధరలో కలిపి ఇచ్చేదాన్ని సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్) అంటారు. దాన్ని మనం ఇన్సూరెన్స్ అనుకుంటాం గానీ, కారు పాడైతే ఎక్సెస్‌కు మించిన ఖర్చు మిమ్మల్ని అడగము అని అద్దె కంపెనీ ఇచ్చే హామీ అది. చాలా ఒప్పందాల్లో ఆ హామీ టైర్లకు, అద్దాలకు, కారు పైకప్పుకు, అడుగు భాగానికి, పోయిన తాళం చెవికి వర్తించదు. మనవాళ్లు ముఖ్యంగా చూడాల్సింది ఇక్కడే. మనం స్టీరింగ్ కుడివైపున పెట్టుకుని నేర్చుకున్నవాళ్లం. పోర్చుగల్‌లో స్టీరింగ్ ఎడమవైపు, కారు వెడల్పంతా మన కుడిపక్కన. ఆ పక్క ఎంతవరకు ఉందో అంచనా కుదిరేలోపు కుడివైపు చక్రాలు ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకుంటాయి, లేదా కుడి అద్దం సందులో గోడకు తగులుతుంది. మనవాళ్ల చేతిలో దెబ్బ తినేవీ, ఆ హామీలో లేనివీ చాలావరకు ఒకటే.

ఈ రిస్కును తగ్గించుకోవడానికి రెండు దారులు. కౌంటర్ దగ్గరే అద్దె కంపెనీ అమ్మే సూపర్ కవర్ తీసుకోవడం ఒకటి. మమ్మల్ని రోజుకు 28 యూరోలు అడిగారు. మేము తీసుకున్న చిన్న కారు అద్దె కూడా దాదాపు అంతే. రెండోది, ఆ కంపెనీతో సంబంధం లేని ఇన్సూరెన్స్ సంస్థ దగ్గర ఎక్సెస్ పాలసీ ముందుగా విడిగా కొనడం. దానికి మాకు రోజుకు ఆరు యూరోలు కూడా పడలేదు. టైర్లు, అద్దాలు, అడుగు భాగం, తాళం చెవి, తప్పు ఇంధనం పోయించడం అన్నీ అందులోనే ఉన్నాయి.

ధర చూసి మురిసిపోయేముందు ఇది పనిచేసే తీరు తెలియాలి. ఈ పాలసీ అద్దె కంపెనీకి డబ్బు కట్టదు. కారుకు ఏమైనా అయితే ముందు మన కార్డు నుంచి వాళ్లు తీసుకుంటారు, ఆ తర్వాత మనం కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి. మన ఆస్పత్రి బిల్లుల్లో క్యాష్‌లెస్‌కూ రీయింబర్స్‌మెంట్‌కూ ఎంత తేడానో ఇక్కడా అంతే. కాబట్టి ఎక్సెస్ పాలసీ ఉన్నంత మాత్రాన డిపాజిట్ తగ్గదు. కారు తాళాలిచ్చే ముందు ఆ ఎక్సెస్ మొత్తాన్ని, మా కారుకైతే 1500 యూరోలు, కార్డులో బ్లాక్ చేస్తారు. డబ్బు పోదు గానీ లిమిట్ అంతమేరకు ఆగిపోతుంది, కారు తిరిగిచ్చాక కూడా విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది.

మన ఇళ్లల్లో ఇక్కడ ఇంకో చిక్కు. కార్డు ఎక్కువ లిమిట్‌తో ఒకరి పేరున ఉంటుంది, బండి ఇంకొకరు నడుపుతారు. అక్కడ చాలా కంపెనీలు మెయిన్ డ్రైవర్ పేరున్న క్రెడిట్ కార్డే అడుగుతాయి. ఫారెక్స్ కార్డును డిపాజిట్‌కు ఒప్పుకోకపోవడమే ఎక్కువ. మా ఇంట్లో పెద్ద లిమిట్ నాది, నడిపేది మా ఆయన. అందుకే రెండు నెలల ముందే ఆయన బ్యాంకుకు అర్జీ పెట్టించి లిమిట్ పెంచుకున్నాం, యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేశాం. ఎక్సెస్ పాలసీ కూడా ఆయన పేరునే తీసుకున్నాం. పాలసీలో, అద్దె ఒప్పందంలో, కార్డు మీద, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో ఒకే పేరు ఉండాలని నేను పట్టుబట్టాను. ఆ పర్మిట్ మన ఆర్టీఓలోనే వస్తుంది, 1000 రూపాయల ఫీజు, ఏడాది చెల్లుతుంది. అది అవసరమైన దేశంలో లేకుండా నడిపితే కవర్ నిలబడకపోవచ్చు.

పాలసీ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది భారత్‌లో ఉండేవాళ్లకు ఇస్తారా అని. బ్రిటన్‌లో అమ్మే చవక పాలసీల్లో చాలావరకు అక్కడ నివాసం ఉన్నవాళ్లకే. లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ‘అక్కా, నేను ఏడాదికి ఒకటే కొంటాను, నువ్వూ అదే తీసుకో’ అని లింకు పంపాడు. నిబంధనలు తెరిస్తే మొదటి పేజీలోనే నివాసం షరతు ఉంది. డబ్బు కట్టేటప్పుడు ఎవరూ ఆపరు, క్లెయిమ్ అప్పుడే ఆ షరతు అడ్డం వస్తుంది. షెంగెన్ వీసా కోసం తీసే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇది కలిసి ఉంటుందని కూడా అనుకోవద్దు. వీసాకు వాళ్లు అడిగే 30,000 యూరోలు వైద్యం ఖర్చుకు సంబంధించినవి. అద్దె వాహనం ఎక్సెస్ అని మీ పాలసీలో విడిగా రాసి ఉంటేనే ఉన్నట్టు.

లిస్బన్ కౌంటర్‌లో నేను అనుకున్నట్టే జరిగింది. మా పాలసీ ఇక్కడ చెల్లదు అన్నాడు అక్కడి అబ్బాయి. ఆ మాటకు చాలామంది బెదిరి 28 యూరోలకు సంతకం పెడతారు. పక్క వరసలో ఒక పెద్దాయన పెట్టడం చూసి బాధేసింది. ఆ పాలసీ మనకూ ఇన్సూరెన్స్ సంస్థకూ మధ్య ఒప్పందం, అద్దె కంపెనీ ఒప్పుకోవాల్సిన పనే లేదు. డిపాజిట్ బ్లాక్ చేసుకోండి, మీ కవర్ వద్దు అని మర్యాదగా రెండుసార్లు చెప్పాను. తాళాలు ఇచ్చేశాడు. పార్కింగ్‌లో చీకటిగా ఉంటే కారును వెలుతురులోకి తెచ్చి నాలుగు చక్రాలు, పైకప్పు, ముందద్దం వీడియో తీసి, అప్పటికే ఉన్న గీతలన్నీ వాళ్ల షీటులో రాయించాకే బయల్దేరాం.

ఫారో వైపు వెళ్తుంటే హైవే మీద ముందు లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరి ముందద్దానికి తగిలింది. గింజంత మచ్చ సాయంత్రానికి జానెడు చీలిక అయింది. వెంటనే అద్దె కంపెనీకి ఫోన్ చేసి మెయిల్ కూడా పెట్టాం. కారు అప్పగించాక కార్డు మీద 410 యూరోలు పడ్డాయి. అద్దం ధరతో పాటు ప్రాసెసింగ్ ఫీజు కూడా అందులో ఉంది. ఈ ఫీజును చవక పాలసీలు కొన్ని ఇవ్వవు, కొనేముందు ఆ ఒక్క లైను వెతకండి.

ఇంటికొచ్చి అద్దె ఒప్పందం, కారు ఇచ్చినప్పటి షీటు, డ్యామేజ్ రిపోర్టు, వాళ్ల ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంట్, లైసెన్సు, పర్మిట్ కాపీ అన్నీ అప్‌లోడ్ చేశాను. ఫారంలో ఐబాన్ నంబరు, అంటే యూరప్ బ్యాంకులు వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు, అడిగింది. మన బ్యాంకులకు ఐబాన్ లేదు. అకౌంట్ నంబరు, స్విఫ్ట్ కోడ్ ఇస్తామని మెయిల్ రాస్తే ఒప్పుకున్నారు. డబ్బు వచ్చిన రోజు మన బ్యాంకు నుంచి ఫోన్, ఈ విదేశీ సొమ్ము దేనికి అని. క్లెయిమ్ మంజూరు లేఖ పంపాక జమ చేశారు. మొత్తం అయ్యేసరికి నెల దాటింది. కార్డు బిల్లు మాత్రం దాని గడువుకే కట్టాల్సి వచ్చింది. ఆ నెల ఆగగలిగే స్తోమత ఉంటేనే ఈ దారి.

అందుకే అందరికీ ఇదే చెప్పను. మా పెద్ద వదిన, అన్నయ్య రిటైరయ్యాక న్యూజిలాండ్ వెళ్తున్నారు. కార్డు లిమిట్ తక్కువ, మెయిల్స్ రాస్తూ కాగితాల వెంట పడటం వాళ్లకు కష్టం. ‘వదినా, ఖర్చైనా పర్వాలేదు, అద్దె కంపెనీ దగ్గరే జీరో ఎక్సెస్ తీసుకోండి, డిపాజిట్ కూడా తగ్గుతుంది’ అన్నాను. అమెరికా వెళ్లేవాళ్లకైతే ఎక్సెస్ కన్నా ముందు చూడాల్సింది లయబిలిటీ. ఎదుటివాళ్లకు మనవల్ల జరిగే నష్టాన్ని ఎక్సెస్ పాలసీ అసలు ముట్టుకోదు. ఐస్‌లాండ్‌లో ఇసుక గాలికి, బూడిదకు విడి కవర్ ఉంటుంది, వాగు దాటుతూ ఇంజన్‌లోకి నీళ్లు పోతే మామూలుగా ఏదీ కట్టదు.

పాలసీ కారు తీసుకోకముందే కొనాలి, ప్రయాణం మధ్యలో కొంటే చాలావరకు చెల్లదు. తిరిగొచ్చాక కూడా కాగితాలు పారేయకండి. టోల్ బాకీలు, పార్కింగ్ జరిమానాలు కొన్ని వారాల తర్వాత కార్డు మీద పడతాయి. వాటిని ఎక్సెస్ పాలసీ ఇవ్వదు గానీ, అడిగింది న్యాయమైన మొత్తమేనా అని సరిచూడటానికి ఆ ఒప్పందం కాపీ చేతిలో ఉండాలి.